కథ చదివించి వాదన రాయించగలమా?

ఇంటర్మీడియట్ రెండేళ్లూ డిగ్రీ మొదటి ఏడాదీ కలుపుకుంటే, మన విద్యార్థి ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లో బోలెడు కథలూ కవితలూ దాటుకుని వస్తాడు. నిజంగా దాటుకునే వస్తాడు. యానొటేషన్‌కు కవి పేరూ, సందర్భమూ, నాలుగు వాక్యాల భావమూ. ఎస్సేకు గైడులోని పేజీన్నర. పరీక్ష హాల్లోంచి బయటపడగానే వాటితో రుణం తీరిపోతుంది. అదే విద్యార్థి ఎమ్మెస్ చేయడానికి అమెరికాకో ఇంగ్లండుకో వెళ్లి, మొదటి సెమిస్టర్లో 'ఈ రెండు వ్యాసాలూ చదివి, మీరు ఎవరితో ఎంతవరకు ఏకీభవిస్తారో ఆధారాలతో 1,500 మాటల్లో రాయండి' అన్న అసైన్‌మెంట్ చూసి బిక్కచచ్చిపోతాడు. 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికా విద్యాసంస్థల్లో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో తెలుగువాళ్లు ఎంతమంది ఉంటారో మన వీధుల్లో కన్సల్టెన్సీ బోర్డులు చూస్తేనే తెలుస్తుంది. ఇక్కడే ఉండి పీహెచ్‌డీ చేసేవాళ్ల అవస్థ ఇంతకంటే మెరుగ్గా ఏమీ లేదు.

మరి అన్నేళ్లు చదివిన కథలు ఎందుకు అక్కరకు రాలేదు? కథలు తీసేసి వ్యాసాలూ రిపోర్టులూ చదివిస్తే సరిపోయేదా? ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లకు అకడమిక్ రైటింగ్ నేర్పడానికి సాహిత్యం పనికొస్తుందా లేదా అన్న తగవు ఇంగ్లీషు బోధనా రంగంలో నాలుగు దశాబ్దాలుగా నడుస్తోంది. రెండు పక్షాల్లోనూ గట్టివాళ్లు ఉన్నారు. నా మొగ్గు ముందే చెప్పేస్తాను. అకడమిక్ వాక్యం ఎలా ఉండాలో చూపించే నమూనాగా కథ పనికిరాదు. ఆధారం చూపించి వాదించడం నేర్పే ముడిసరుకుగా మాత్రం దానికి సాటి వచ్చేవి తక్కువ. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం వల్లే తగవు ఇంత కాలం సాగింది.

ముందు పాత కథ కొంచెం. భారతీయులకు ఇంగ్లీషు చదువు చెప్పాలన్న మెకాలే మినిట్ 1835 నాటిది. బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో ఆంగ్ల సాహిత్యం ఒక పాఠ్యాంశంగా నిలదొక్కుకోకముందే వలస భారతదేశంలో దాన్ని పాఠ్యాంశం చేశారని గౌరీ విశ్వనాథన్ 1989లో 'మాస్క్స్ ఆఫ్ కాంక్వెస్ట్' పుస్తకంలో వాదించారు. పాలకుల చేతి బలాన్ని కనబడనివ్వకుండా నైతిక శిక్షణ ఇవ్వడానికి సాహిత్యం వాళ్లకు అనువుగా దొరికిందన్నది ఆ వాదన సారం. మన చర్చకు అందులోంచి కావలసిన ముక్క ఒకటే: ఈ దేశంలో ఇంగ్లీషు సాహిత్య బోధన లక్ష్యాల్లో విద్యార్థి చేత సొంత వాదన రాయించడం ఎన్నడూ ముందు వరసలో లేదు. భావం గ్రహించాలి, మెచ్చుకోవాలి, అప్పజెప్పాలి. ఈ చదువు ఎలా తయారైందో గురజాడ అప్పట్లోనే పట్టుకున్నాడు. 1892లో మొదటిసారి ప్రదర్శించిన 'కన్యాశుల్కం'లో వెంకటేశం ఇంగ్లీషు మాట్లాడితే వినాలని తల్లి వెంకమ్మ ముచ్చటపడుతుంది. వెంకటేశమూ అతని గురువూ పిల్లల పాటల ముక్కలూ, పాఠ్యపుస్తకం పద్యాలూ, రేఖాగణిత సూత్రాలూ ఒకరికొకరు బదులిచ్చుకుంటున్నట్టు అప్పజెబుతారు. వినేవాళ్లకు అది ఇంగ్లీషు సంభాషణే. మన యానొటేషన్ జవాబుకు ఇంతకంటే కచ్చితమైన వర్ణన నాకు ఎక్కడా కనిపించలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక గాలి మారింది. ఇంగ్లీషును జ్ఞాన సంపాదనకు పనికొచ్చే భాషగా చూడాలన్న ఆలోచన బలపడింది. 1958లో హైదరాబాద్‌లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ (తరవాత సీఫెల్, 2007 నుంచి ఇఫ్లూ) టీచర్లకు భాషాబోధనలో శిక్షణ ఇవ్వడమే పనిగా పెట్టుకుంది. షేక్‌స్పియర్ కంటే వాక్య నిర్మాణం, ఉచ్చారణ ముందుకొచ్చాయి. ప్రపంచమంతటా ఇదే ధోరణి. ఇంజనీరుకు ఇంజనీరింగ్ ఇంగ్లీషు, డాక్టరుకు వైద్యపు ఇంగ్లీషు అంటూ 'ప్రత్యేక ప్రయోజనాల ఇంగ్లీషు' ఒక ఉద్యమమే అయింది. అందులో సాహిత్యానికి కుర్చీ లేదు.

ఆ కుర్చీ ఎందుకు లేదో చెప్పినవాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. డేనియల్ హొరొవిట్జ్ 1986లో ఒక అమెరికా విశ్వవిద్యాలయంలో అధ్యాపకులు నిజంగా ఇచ్చిన 54 రాత అసైన్‌మెంట్లు సేకరించి చూశాడు. 'మీ మనసులో ఉన్నది స్వేచ్ఛగా రాయండి' అన్న తరహావి అందులో కనబడటమే అరుదు. ఎక్కువ భాగం, ఇచ్చిన సమాచారాన్ని ఏరి, పేర్చి, ఒక సిద్ధాంతానికి అతికించి చూపించమనేవే. చదివినదానికి సారాంశమూ స్పందనా, సిద్ధాంతాన్ని దత్తాంశంతో కలపడం, కేస్ స్టడీ, అనేక మూలాల క్రోడీకరణ వంటివన్నమాట. 1990లో ఆయనే ఇంకో వ్యాసంలో, సాహిత్యం వల్ల ఒనగూడతాయంటున్న మేళ్లలో ఎన్ని నిజంగా సాహిత్యానికే ప్రత్యేకమో చెప్పండని నిలదీశాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ పదునుగానే ఉంది. మంచి వ్యాసం చదివించినా క్లాసులో చర్చ రగులుతుంది కదా?

అదే ఏడాది జాన్ స్వేల్స్ 'జానర్ అనాలిసిస్' వచ్చింది. పరిశోధనా వ్యాసాల ఉపోద్ఘాతాలు మూడు అడుగుల్లో నడుస్తాయని ఆయన చూపించాడు. ముందు ఈ రంగం ముఖ్యమైనదని నేల చదును చేస్తారు. తరవాత ఇప్పటిదాకా వచ్చిన పనిలో ఖాళీ ఎక్కడుందో చూపిస్తారు. ఆ ఖాళీలో తాము కూర్చుంటారు. కథ మూడడుగుల్లో నడవదు. కాబట్టి నేర్చుకునేవాడికి ఏ రకం రాత కావాలో ఆ రకాన్నే చదివించండి అన్నది ఈ పక్షం మాట.

నాకు ఈ పక్షం చేతిలో అన్నిటికంటే బలమైన ఆయుధంగా తోచేది ఒక పదాల జాబితా. ఎవ్రిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన 'అకడమిక్ వర్డ్ లిస్ట్' కోసం సుమారు 35 లక్షల మాటల విద్యావిషయక రచనలను జల్లెడ పట్టి, 570 పద కుటుంబాలను ఏరింది. అకడమిక్ రచనల్లో ప్రతి వంద మాటల్లో దాదాపు 10 ఈ జాబితాలోవే. అదే పరిమాణంలో కాల్పనిక గద్యం తీసుకుని లెక్కేస్తే ఆ వాటా 1.4 శాతం. అంటే నవలలు చదివితే అకడమిక్ పదసంపద దానంతటదే అబ్బుతుందన్న ఆశకు ఆధారం లేదు. కథ నడిచేది భూతకాలపు క్రియలూ, సంభాషణలూ, 'అతడు-ఆమె'ల మీద. అకడమిక్ వాక్యం క్రియలను నామవాచకాలుగా బిగించి పేర్చుకుంటూ పోతుంది. డగ్లస్ బైబర్ 1988 నుంచీ లెక్కలు వేసి చూపిస్తున్నది ఈ దూరాన్నే. 'చక్కని కథలు చదువుతూ ఉండండి, మీ ఇంగ్లీషు దానంతటదే బాగుపడుతుంది' అని చెప్పే మాస్టార్లు ఈ అంకె ఒకసారి చూడాలి.

అలాగని ఆ సలహా పూర్తిగా తప్పూ కాదు. ఫిజీ గ్రామీణ పాఠశాలల్లో ఎలీ, మంగుభాయ్ చేసి 1983లో వెల్లడించిన 'బుక్ ఫ్లడ్' ప్రయోగం ఈ రంగంలో అందరూ చెప్పుకునేది. ఇంగ్లీషు రెండో భాషగా నేర్చుకుంటున్న 4, 5 తరగతుల పిల్లలు 380 మంది. వాళ్ల తరగతి గదుల్లోకి ఆసక్తికరమైన కథల పుస్తకాలు 250 తెచ్చి పోశారు. ఎనిమిది నెలల్లో చదివి అర్థం చేసుకోవడంలో ఆ పిల్లల ప్రగతి మామూలు వేగానికి రెట్టింపు అయింది. 20 నెలలకు ఆ లాభం మిగతా భాషా నైపుణ్యాలకూ పాకింది. మన ఊళ్లలో బడి లైబ్రరీ బీరువాకు తాళం వేసి ఉంచే హెడ్మాస్టర్ల చేత ఈ ఫలితాలు చదివించాలి. కానీ అది చిన్నపిల్లల భాషకు సంబంధించిన ప్రయోగం. డిగ్రీ విద్యార్థి రాసే వాదనకు దాన్ని సాక్ష్యంగా తేవడం అతి.

సాహిత్య పక్షం తిరిగి లేచింది 1970ల చివర, 80లలో. హెన్రీ విడోసన్ 1975లోనే, భాషా విశ్లేషణకూ సాహిత్య విమర్శకూ నడుమ శైలీశాస్త్రం వంతెన కాగలదన్నాడు. తరవాత బ్రంఫిట్, కార్టర్ల సంకలనం (1986), కోలీ, స్లేటర్ల చేతిపుస్తకం (1987), జిలియన్ లజార్ పుస్తకం (1993) వరసగా వచ్చి, టీచరు సోమవారం క్లాసులో ఏం చేయాలో చెప్పాయి. అవి ఎక్కువగా భాషాభ్యాసం చుట్టూ తిరుగుతాయి. రాతను సూటిగా పట్టుకున్నది రూత్ స్పాక్. 1985లో ఆమె రాసిన వ్యాసం, రెండో భాషలో రచన నేర్చుకునేవాళ్ల క్లాసులోకి కథను మళ్లీ పిలిచింది. ఆమె మూడేళ్ల తరవాత రాసిన ఇంకో వ్యాసం నాకు అంతకంటే ముఖ్యం. ఇంగ్లీషు మాస్టారు రసాయనశాస్త్రం రాత నేర్పబోవడం సాహసం. అది ఆ శాఖవాళ్ల పని. ఇంగ్లీషు క్లాసు నేర్పగలిగేది మూలాన్ని చదవడం, దానితో మాట్లాడటం, దాన్నుంచి రాయడం అన్న సాధారణ విద్య. ఇదీ 1988 వ్యాసం సారం. కథ ఆ 'మూలం' అయితే చాలదా అన్న ప్రశ్న దాన్నుంచే పుడుతుంది.

1993లో 'కాలేజ్ ఇంగ్లిష్' పత్రికలో ఎరికా లిండెమన్, గ్యారీ టేట్‌ల మధ్య జరిగిన వాదం ఈ తగవులో బాగా పేరుపడ్డ ఘట్టం. మొదటి ఏడాది రచన క్లాసులో సాహిత్యానికి చోటు లేదని ఆమె అన్నది. అలాంటి క్లాసులో విద్యార్థి ఇతరుల రచనలు భోంచేస్తూ కూర్చుంటాడు తప్ప తాను రాయడన్నది ఆమె అభ్యంతరం. విద్యార్థి బతుకంతా కాలేజీ అసైన్‌మెంట్లే కాదు, అంత గొప్ప రచనలను ఎందుకు వదులుకుంటాం అని ఆయన. ఇద్దరి మనసులోనూ ఉన్నది ప్రధానంగా ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న అమెరికా కుర్రాళ్లు. ఆ చర్చను ఇంగ్లీషు నేర్చుకుంటున్నవాళ్ల వైపు తిప్పి, 2000లో బెల్చర్, హిర్వేలా మళ్లీ తరచి చూశారు. 2008లో ఆమోస్ పారన్ ఈ రంగమంతటినీ సమీక్షించినప్పుడు కూడా, నమ్మకాలూ సిద్ధాంతాలూ ఉన్నంతగా తరగతి గదుల్లోంచి వచ్చిన సాక్ష్యం లేదన్న సంగతి బయటపడింది. నిజం చెప్పాలంటే ఈ తగవులో ఉభయపక్షాలూ చాలాకాలం తమ తమ క్లాసుల అనుభవాన్నే ఆధారంగా చూపించుకున్నాయి. అకడమిక్ రాత గురించి రాసేవాళ్లే ఆధారాల దగ్గర ఇంత ఉదారంగా ఉండటం కొంచెం వినోదమే.

ప్రభుత్వాలూ ఇందులో చేయిపెట్టాయి. అమెరికాలో 2010లో వచ్చిన 'కామన్ కోర్' ప్రమాణాలు, పన్నెండో తరగతికి వచ్చేసరికి విద్యార్థి చదివేదాంట్లో 70 శాతం సమాచార రచనలూ 30 శాతం సాహిత్యమూ ఉండాలన్నాయి. ఆ అంకె అన్ని సబ్జెక్టులూ కలిపి చెప్పినది. చాలా బళ్లు దాన్ని ఇంగ్లీషు క్లాసుకే అంటగట్టడంతో పెద్ద గోల అయింది.

ఇంతవరకూ వచ్చిన వాదాలన్నీ 'ఏం చదివించాలి' అన్నచోటే తిరిగాయి. చదివించాక ఏం అడుగుతాం అన్నది నా దృష్టిలో అంతకంటే పెద్ద ప్రశ్న. ఒక కథ తీసుకుని చూద్దాం.

చినువా అచెబె 1953లో రాసిన 'డెడ్ మెన్స్ పాత్' నాలుగైదు పేజీల కథ. 1949లో నైజీరియాలో ఒక మిషన్ బడికి మైకేల్ ఓబీ అనే ఉత్సాహవంతుడు హెడ్మాస్టరుగా వస్తాడు. బడి ఆవరణను పూలతోటలతో ముస్తాబు చేయాలని అతనికీ భార్య నాన్సీకీ ముచ్చట. ఊరివాళ్ల గుడి నుంచి శ్మశానానికి వెళ్లే కాలిబాట ఆ ఆవరణ మధ్యగా పోతుంటుంది. ఓబీ దానికి అడ్డంగా ముళ్లతీగె కట్టిస్తాడు. ఊరి పూజారి వచ్చి చెప్పినా వినడు. రెండు రోజులకు ఊళ్లో ఒక ఆడమనిషి పురిటిలో చనిపోతుంది. పితరులకు కోపం వచ్చిందనీ, పెద్ద బలులివ్వాలనీ సోదెగాడు చెబుతాడు. తెల్లారేసరికి కంచెలు పీకేసి, పూలు తొక్కేసి, బడి భవనాల్లో ఒకటి కూలగొట్టి ఉంటాయి. ఆ రోజే తనిఖీకి వచ్చిన తెల్ల సూపర్‌వైజరు హెడ్మాస్టరు మీద ఘాటైన రిపోర్టు రాస్తాడు. కథ ఆ రిపోర్టుతోనే ముగుస్తుంది.

మన పద్ధతిలో దీని మీద వచ్చే ప్రశ్న 'మైకేల్ ఓబీ పాత్రచిత్రణ చేయండి'. జవాబు గైడులో ఉంటుంది: ఓబీ ఆధునికుడు, అహంకారి, సంప్రదాయాన్ని గౌరవించనివాడు, చివరకు శిక్ష అనుభవించాడు. ఐదు మార్కులు. దాని బదులు 'జరిగినదానికి బాధ్యులెవరు, ఎంతవరకు' అని అడగండి. కథ చేతిలోనే ఉంచుకుని రాయమనండి. మొదట అందరూ ఓబీయే అంటారు. ఏ వాక్యం ఆధారంగా అని అడిగితే అసలు పని మొదలవుతుంది. ఈ బాట ఊరివాళ్లకు ముఖ్యమని, ఇంతకుముందు మూయబోతే గొడవ అయిందని ఒక టీచరు ఓబీకి ముందే చెప్పాడు. అంటే అతను తెలియక చేసినవాడు కాదు. మరి అలాంటివాణ్ని అక్కడికి పంపిన మిషన్ అధికారులు? తనిఖీ వస్తోందన్న ఒత్తిడి? ఓబీ కలలకు ఎరువు వేసిన నాన్సీ? ఒక్కో విద్యార్థి ఒక్కోచోట గీత గీస్తాడు. గీసినచోట నిలబడాలంటే కథలోని ఒక వాక్యం మీద కాలు మోపాల్సిందే.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. బడిని కూలగొట్టింది ఎవరు? ప్రతి విద్యార్థీ 'ఊరివాళ్లు' అని రాస్తాడు. కథలో ఆ మాట ఎక్కడా లేదు. కూలిపోయి ఉండటం చూపించి ఊరుకున్నాడు అచెబె. మనం ఊహించుకున్నాం. ఆ ఊహ సబబైనదే కావచ్చు, కానీ అది ఊహ. ఇక్కడ 'కూలగొట్టారు' అనాలా, 'కూలగొట్టినట్టు కథ సూచిస్తోంది' అనాలా? అకడమిక్ రచనలో హెడ్జింగ్ అనే విద్య ఉంది. మన దగ్గరున్న ఆధారం ఎంత మోయగలదో అంతే బరువు వాక్యం మీద పెట్టడం. పాఠంగా చెబితే విద్యార్థులకు అది 'మే, మైట్, సీమ్స్' అనే మూడు మాటల జాబితా. ఈ కథ దగ్గర అది అవసరం.

కార్యకారణ సంబంధం సంగతి ఇంకా రుచికరం. కంచె వల్ల పురిటి చావు జరిగిందన్నది సోదెగాడి మాట. కథకుడు దాన్ని ఒప్పుకోడు, కాదనడు. సూపర్‌వైజరేమో బడికీ ఊరికీ మధ్య ముదురుతున్న వైరానికి కారణాల్లో 'కొంత భాగం' కొత్త హెడ్మాస్టరు అత్యుత్సాహమని తేలుస్తాడు. మిగతా భాగం ఏమిటో చెప్పడు. మనకు చూపించిన రిపోర్టులో చావు ప్రస్తావనే లేదు. ఒకే సంఘటనకు రెండు వివరణలు, ఇద్దరు వివరణకర్తలు, ఇద్దరివీ వేరు వేరు ప్రమాణాలు. మూలాలను పోల్చి, ఏ మూలం ఏం వదిలేసిందో చూపించమనే అసైన్‌మెంటుకు ఇంతకంటే చిన్న, ఇంతకంటే నిండైన సాధన సామగ్రి ఎక్కడ దొరుకుతుంది?

పైగా ఆ రిపోర్టు భాష! అప్పటిదాకా మనుషులు నడిచారు, మాట్లాడారు, నవ్వారు. రిపోర్టు దగ్గరికి వచ్చేసరికి మనుషులు మాయమై 'పరిస్థితి', 'ఉత్సాహం' వంటి నామవాచకాలు కూర్చుంటాయి. బైబర్ లెక్కల్లో కనిపించే దూరం ఒకే కథలో, పక్కపక్కనే ఉన్న రెండు పేరాల్లో కళ్లకు కడుతుంది. అదే సంఘటనను పూజారి తరఫున ఒక అర్జీగా, ఆ తరవాత విచారణాధికారి నివేదికగా రాయించవచ్చు. ఏ రాతలో ఎవరు కర్తగా నిలుస్తారో, ఎవరు మాయమవుతారో విద్యార్థే కనిపెడతాడు.

హొరొవిట్జ్ అడిగిన ప్రశ్నకు నేనివ్వగల జవాబు ఇక్కడుంది. మంచి వ్యాసం కూడా చర్చ రేపుతుంది, నిజమే. కానీ వ్యాసకర్త తన వాదన తానే చేసేసి ఉంటాడు. విద్యార్థికి మిగిలేది ఔనో కాదో అనడం. అందులోనూ భూతాపం మీదో జన్యుమార్పిడి మీదో వ్యాసం ఇస్తే, విషయం ముందే తెలిసినవాడు గెలుస్తాడు. కథ దగ్గర అందరిదీ ఒకే పెట్టుబడి. దత్తాంశమంతా నాలుగు పేజీల్లో బల్ల మీద ఉంది, తీర్పు మాత్రం ఎవరూ రాయలేదు. పల్లెటూరి ప్రభుత్వ కళాశాల నుంచి వచ్చిన పిల్లా, హైదరాబాద్ ఇంటర్నేషనల్ స్కూలు నుంచి వచ్చిన పిల్లవాడూ అక్కడ ఒకే గీత మీద నిలబడతారు.

కాక్స్‌హెడ్ చూపించిన 1.4 శాతం మాత్రం చెక్కుచెదరకుండా అక్కడే ఉంది. దానికి మందు కథలో లేదు, కథ మీద వచ్చిన విమర్శలో ఉంది. కథతో పాటు దాని గురించి భిన్నాభిప్రాయాలున్న రెండు విమర్శ వ్యాసాలు చదివించాలి. ఇక్కడ తెలుగువాళ్లకు ఒక సొంత ఆస్తి ఉంది. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' 1964లో వచ్చింది. అప్పల్రాముడి బాకీ, శ్రీరాములునాయుడి పంచాయతీ, చివర సీతారాముడు చేసిన పని. బాకీ న్యాయమైనదా, ఆ ముగింపు కథలోంచి పుట్టిందా, రచయిత అతికించాడా అని మన విమర్శకులు ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. కథనూ ఆ వాదోపవాదాలనూ తెలుగులోనే చదివించి, వాదన ఇంగ్లీషులో రాయిస్తే ఏమవుతుంది? చదవడంలో భాష అడ్డు రాదు కాబట్టి ఆలోచనకు పూర్తి బలం దొరుకుతుంది. ఇతరుల మాటను తన మాటల్లో చెప్పడం తప్పనిసరి అవుతుంది, ఎందుకంటే ఎత్తిరాయడానికి ఇంగ్లీషు వాక్యం ఎదురుగా లేదు. విమర్శకులు ఏమన్నారో చెప్పి, వాళ్లు గమనించనిది చూపించి, తన మాట చెప్పాలి. స్వేల్స్ మూడు అడుగులూ ఇవే కదా. ఇంగ్లీషు క్లాసులో తెలుగు కథేమిటని ముఖం చిట్లించే డిపార్ట్‌మెంట్లు ఉంటాయి. వాళ్ల సిలబస్‌లో మొపాసా, చెహోవ్ ఇంగ్లీషులో పుట్టినవాళ్లు కారు.

తెలుగు మాట వచ్చింది కాబట్టి రాబర్ట్ కప్లన్ గురించి ఒక మాట. ఇంగ్లీషు పేరా సూటిగీత, తూర్పుదేశాలవాళ్ల పేరా సుడిగుండం అంటూ 1966లో ఆయన గీసిన బొమ్మలు చాలా టీచర్ ట్రైనింగ్ క్లాసుల్లో ఇంకా తిరుగుతున్నాయి. తరవాతివాళ్లు వాటిని తగినంతగానే చీల్చి చెండాడారు. మన విద్యార్థి వ్యాసం గుండ్రంగా తిరగడానికి కారణం సంస్కృతి అనే కంటే, పదిహేనేళ్లు అడిగిన ప్రశ్నలు అనడం నాకు న్యాయంగా తోస్తుంది.

ఆ ప్రశ్నల తాలూకు పర్యవసానం చిన్నది కాదు. పరాయి వాక్యం తీసుకుని రెండు మాటలు మార్చి పేర్చడాన్ని రెబెకా హొవార్డ్ 'ప్యాచ్‌రైటింగ్' అన్నారు. అది మోసం కంటే నేర్చుకునే క్రమంలో ఒక దశ అని ఆమె వాదన. మన దగ్గర మాత్రం ఆ దశ నుంచి దాటించేవాళ్లు లేక, విద్యార్థి పీహెచ్‌డీ దాకా దానితోనే వస్తాడు. వచ్చాక యూజీసీ 2018 నిబంధనలు ఎదురవుతాయి. పోలిక 10 శాతం వరకు ఫరవాలేదు, 40 దాటితే ఒక శిక్ష, 60 దాటితే ఇంకోటి. పన్నెండో తరగతి వరకూ గైడు వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా దింపినందుకు మార్కులు వేసిన వ్యవస్థే, ఇరవై ఐదో ఏట అదే పనికి రిజిస్ట్రేషన్ రద్దు చేస్తానంటోంది. ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ దీన్ని సరిచేస్తుందనుకోవద్దు. 40 నిమిషాల్లో 250 మాటలు, ఏ మూలమూ చదవక్కర లేదు. అమీర్‌పేటలో దొరికే టెంప్లేట్లకు అది చాలు, యూనివర్సిటీకి చాలదు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక గైడు పని మరింత సులువైంది. పేరున్న ఇంగ్లీషు కథ మీద వ్యాసం అడిగితే క్షణాల్లో వస్తుంది. నెట్‌లో వాటి మీద అంత రాత పోగుపడి ఉంది మరి. పెద్దగా ఎవరూ రాయని కథనూ, క్లాసులో జరిగిన చర్చలోంచి పుట్టిన ప్రశ్ననూ ఎంచుకోవడమే టీచరుకు మిగిలిన దారి. అది కూడా ఎంతకాలం నిలుస్తుందో చూడాలి.

ఇంతా చెప్పి సాహిత్యాన్ని సర్వరోగ నివారిణి చేయబోవడం లేదు. ల్యాబ్ రిపోర్టులో పద్ధతి విభాగం ఎలా రాయాలో, పట్టికలోని అంకెలను వాక్యాల్లోకి ఎలా దించాలో ఏ కథా నేర్పదు. ఇంజనీరింగ్ విద్యార్థికి రెండో సంవత్సరం నుంచి తన రంగపు వ్యాసాలు చదివించాల్సిందే, అది నేర్పాల్సింది చాలావరకు ఆ రంగం అధ్యాపకులే. కథకు దక్కాల్సిన చోటు మొదటి ఏడాదిలో, ఒక సెమిస్టరు. అంతకంటే ఎక్కువ అడగడం అత్యాశ.

ఆ ఒక్క సెమిస్టరుకైనా అడ్డం వచ్చేది సిలబస్ కాదు, మూల్యాంకనం. కథ ప్రశ్నపత్రంతో పాటే అచ్చువేసి ఇచ్చి, చూసి రాయమంటే బట్టీకి పని ఉండదు. కానీ జవాబులు వందరకాలుగా వస్తాయి. గంటకు ఇన్ని పేపర్లని దిద్దే వాల్యుయేషన్ క్యాంపులో పాయింట్లు లెక్కపెట్టే కీ వాటి ముందు పనిచేయదు. ఆధారం ఉందా, ఆధారానికీ తీర్పుకూ లంకె కుదిరిందా, బరువుకు మించిన మాట అన్నాడా అని చూసే కీ కావాలి. దాన్ని తయారుచేయడం కష్టం కాదు, దానితో దిద్దడానికి ఎగ్జామినర్లకు తర్ఫీదు కావాలి. పబ్లిక్ పరీక్షకు ఇప్పట్లో అది కుదరకపోయినా ఇంటర్నల్ మార్కులు కాలేజీ చేతిలోనే ఉన్నాయి. చాలాచోట్ల వాటిని హాజరుకూ, రికార్డు బుక్కు అట్టకూ వేస్తున్నారు.